దృక్సిద్ధి: వట్టి కంటితో గ్రహాలను చూచినవారి చరిత్ర

గ్రహాలకు మన వాడుకలో ఉన్న పేర్లను నిదానించి చూచినప్పుడు వాటిలో కొన్ని, ఒకనాటి పరిశీలకులు ఆకాశాన్ని చూచి వ్రాసుకున్న గుర్తులవలె కనిపిస్తవి. అంగారకుడనే మాటకు మూలం నిప్పుకణిక. ఆ గ్రహం ఎర్రగా కనిపించడమే ఆ పేరుకు కారణం. శనైశ్చరుడంటే మెల్లగా నడచేవాడు. ఒక్కొక్క రాశిని దాటడానికి అతనికి సుమారు రెండున్నర సంవత్సరాలు పడుతుంది. శుక్ర శబ్దంలో తెల్లని వెలుగు ఉన్నది. అదే గ్రహాన్ని తెల్లవారుజామున తూర్పున చూచిన మన రైతు దానిని వేగుచుక్క అన్నాడు, వేగడమంటే తెల్లవారడం. జాతకాలమీద నమ్మకం ఉన్నవారూ లేనివారూ కూడా మాటవరసకు అనే ఏలినాటి శనిలోని ఏడున్నర సంవత్సరాలు, శని మూడు రాశులను దాటే కాలమే తప్ప వేరు కాదు. పన్నెండేండ్లకొకసారి మన నదులకు వచ్చే పుష్కరాలు గురుని నడకను బట్టి వచ్చేవి: గురుడు సింహరాశిలో ప్రవేశిస్తే గోదావరికి, కన్యారాశిలో ప్రవేశిస్తే కృష్ణకు. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరిగిన దినాలలో, మబ్బు విడిచిన సాయంకాలం పడమటివైపు చూచినవారికి గురుడు మఖా నక్షత్రానికి సమీపంలోనే కనిపించినాడు. నదిలో మునిగి లేచినవారిలో తలయెత్తి ఆ గురుని చూచినవారు ఎందరుంటారు?

ఈ ప్రశ్న పరిహాసానికి అడుగుతున్నది కాదు. చూపుకూ లెక్కకూ నడుమ ఉన్న ముడి సడలిపోవడం, ఎవరో ఒకరు మళ్ళీ దానిని బిగించడం, మరికొన్ని తరాలకు అది తిరిగి సడలిపోవడం, ఇదే మన దేశంలో జ్యోతిశ్శాస్త్రం నడచిన దారి. లెక్కించి చెప్పిన చోటనే గ్రహం కంటికి కనిపించడాన్ని పూర్వులు దృక్సిద్ధి అన్నారు. గ్రంథం ఎంత ప్రాచీనమైనా, దానిని చెప్పినవాడు ఎంతటి ఋషియైనా, తుది తీర్పు ఆకాశానిదే అనే ధర్మం ఆ మాటలో ఉన్నది. ఆ ధర్మాన్ని నిలబెట్టినవారు సంఖ్యలో కొద్దిమంది. వారి చేతిలో దుర్భిణి లేదు. వారిలో చివరివాడైన మహనీయుడు మన తెలుగునేలకు ఇరుగుపొరుగైన ఒరిస్సాలో, ఇరవయ్యవ శతాబ్దపు మొదటి సంవత్సరాలవరకు జీవించి ఉన్నాడు.

ముందు, చూడవలసినది ఏమిటో చెప్పుకోవాలి. వట్టి కంటికి సులభంగా కనిపించే గ్రహాలు అయిదు: బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. ఇవి ఆకాశంలో ఎక్కడబడితే అక్కడ కనిపించవు. సూర్యచంద్రులు నడచే బాటకు కొంచెం అటూ ఇటూగా మాత్రమే ఉంటవి. కనుక ఉత్తరాన ధ్రువుని దగ్గర ఎంత వెలుగుచుక్క కనిపించినా అది గ్రహం కాదు. నక్షత్రం మినుకుమినుకుమంటుంది, గ్రహం సాధారణంగా నిలకడగా వెలుగుతుంది. ఈ గుర్తు దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు మోసం చేయవచ్చును. మోసం చేయని గుర్తు ఒక్కటే, అది చలనం. ఒక చుక్కను పక్కనున్న రెండు మూడు నక్షత్రాలతో పోల్చి గుర్తుపెట్టుకుని, పదిదినాల తరువాత మళ్ళీ చూస్తే, అది జరిగి ఉంటే గ్రహం. శుక్రుడు సూర్యునికి 47 అంశలకంటె దూరం పోడు. అందుచేత నడిరేయి నడినెత్తిన వెలిగేది శుక్రుడు కానేరదు. బుధుడు 28 అంశలు దాటడు. సంధ్యవెలుగులోనే వచ్చి సంధ్యవెలుగులోనే పోతాడు. చేయి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు సుమారు పది అంశలు; కొలతకు పల్లెటూరివానికైనా ఇది చాలును. కుజుడు రెండేండ్ల రెండు నెలలకొకసారి సూర్యునికి ఎదురుగా వచ్చి, మిక్కిలి ఎర్రగా పెరిగి, రెండున్నర నెలలపాటు వెనుకకు నడచి మళ్ళీ ముందుకు సాగుతాడు. ఈ వెనుకనడకకే వక్రగతి అని పేరు. దానిని మొదట గమనించినవాడు ఎవడో తెలియదు. కాని ఒక్క రాత్రి చూపుతో అది తెలిసేది కాదు. నెలల తరబడి విడువక చూచినవానికే తెలుస్తుంది.

ఇట్లా చూచిన చూపులు మన ఇంటి ఆచారాలలోకి ఎంత లోతుగా దిగినవో చెప్పడానికి మౌఢ్యం ఒక్కటి చాలు. మూఢం వచ్చింది గనుక ఇప్పుడు పెండ్లిండ్లు లేవు అని తెలుగు ఇండ్లలో నేటికీ అంటారు. గురుడు గాని శుక్రుడు గాని సూర్యునికి దగ్గరై కంటికి కనిపించకుండా పోయిన కాలమే మూఢం. ఎంత దగ్గరకు వస్తే ఏ గ్రహం కనిపించదో సూర్యసిద్ధాంతం లెక్కలతో చెప్పింది. గురునికి 11 కాలాంశలు, శనికి 15, కుజునికి 17. ఒక కాలాంశ అంటే మన గడియారపు నాలుగు నిమిషాలు. గురుడు సూర్యునికంటె సుమారు 44 నిమిషాలు ముందు ఉదయిస్తే కనిపిస్తాడు, అంతకు తక్కువైతే కనిపించడని భావం. ప్రకాశం హెచ్చిన శుక్రునికి 10 చాలును. వక్రగతిలో మనకు దగ్గరై ఇంకా ప్రకాశించేటప్పుడు 8 చాలును. ఈ అంకెలు ఊహలో పుట్టినవి కావు. తెల్లవారుజామున తూర్పుదిక్కుకు కన్నులప్పగించి, ఈనాడు కనిపించలేదు, ఈనాడు కనిపించింది అని గుర్తుపెట్టుకున్నవారు ఉంటేనే ఇవి పుడుతవి. శుక్రమౌఢ్యం ఒకసారి కొద్దిదినాలలోనే తీరిపోయి, మరొకసారి రెండు నెలలు దాటి ఎందుకుంటుందో కూడా అట్లా చూచినవానికి తెలుస్తుంది. మొదటిది శుక్రుడు మనకూ సూర్యునికీ నడుమ ఎదురునడకతో దాటిపోయే సమయం. రెండవది సూర్యునికి ఆవలిప్రక్కన అతనితోపాటు ఒకే దిశలో నడచే సమయం. నేడు మూఢం ఎప్పుడని పంచాంగాన్ని అడుగుతాము. ఆ పంచాంగం ఒకప్పుడు ఆకాశాన్ని అడిగి వ్రాసుకున్నదే.

గ్రంథాలను ఆకాశంతో పోల్చి విమర్శించే పని ఆధునికుల కల్పన కాదు. ఆర్యభటుడు గోళపాదం చివర, తాను గ్రహస్థితులను ఏ దారిలో నిర్ణయించినాడో క్లుప్తంగా సూచించినాడు: దిగంతంతో సూర్యుని యోగంవలన సూర్యుని, సూర్యునితో యోగంవలన చంద్రుని, చంద్రునితో యోగంవలన తక్కిన గ్రహాలను. చంద్రుడు నెలకొకసారి ప్రతి గ్రహాన్నీ సమీపించి దాటిపోతాడు. చంద్రుని స్థానం తెలిస్తే ఆ గ్రహం స్థానం తెలిసినట్లే. ఇంత సులభమూ ఇంత పదునూ అయిన ఉపాయం యంత్రాలు లేని కాలానికి మరొకటి లేదు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో తన కాలానికి ప్రచారంలో ఉన్న అయిదు సిద్ధాంతాలను ఒకచోట చేర్చి, పౌలిశం స్ఫుటమనీ, రోమకం దానికి దగ్గరనీ, సౌరం అన్నిటికంటె స్ఫుటతరమనీ, తక్కిన రెండూ సత్యానికి దూరమనీ నిర్భయంగా తీర్పు చెప్పినాడు. ఆ తక్కిన రెండింటిలో ఒకదానికి వసిష్ఠుని పేరు, మరొకదానికి సాక్షాత్తు పితామహుని పేరు ఉన్నది. పేరును చూచి ఆయన వెనుదీయలేదు. విమర్శకుడనే మాటకు మన వాఙ్మయంలో ఇంతకంటె మంచి ఉదాహరణను వెదకనక్కరలేదు.

స్ఫుటమైన గ్రంథం కూడా కాలం గడచినకొద్దీ ఎందుకు తప్పుతుంది? శనినే తీసుకుందాము. అతడు నక్షత్రచక్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి పట్టే కాలం సూర్యసిద్ధాంతం ప్రకారం సుమారు 10765.77 దినాలు, ఆధునిక గణితం ప్రకారం 10759.22. దాదాపు ముప్పదియేండ్ల చుట్టులో ఉన్న భేదం ఆరున్నర దినాలు మాత్రమే. శని అంత మెల్లనివాడు గనుక ఒక చుట్టులో ఈ తప్పు కంటికి ఆనదు. కాని అది ప్రతి చుట్టులోనూ పోగుపడుతుంది. వేయి సంవత్సరాలలో ఏడు అంశలు దాటుతుంది. అంటే పూర్ణచంద్రబింబాలను పదునాలుగింటిని వరుసగా పేర్చినంత దూరం. అప్పుడు పుస్తకం ఒక నక్షత్రాన్ని చూపిస్తుంది, గ్రహం మరొక నక్షత్రం దగ్గర ఉంటుంది. తప్పు చేసినవాడు సిద్ధాంతకర్త కాదు. అతడు తన కాలానికి సత్యమే చెప్పినాడు. తరువాతి తరాలవారు ఇంటి అరుగు దిగి చూడకపోవడంలోనే తప్పు ఉన్నది.

దిగి చూచినవారు కొందరు ఉన్నారు. పశ్చిమతీరాన నందిగ్రామంలో కేశవదైవజ్ఞుడు 1496 ప్రాంతాన గ్రహకౌతుకం రచించి, దానికి తానే చేసిన వ్యాఖ్యలో, ప్రాచీనసిద్ధాంతాల లెక్కకూ కంటికి కనిపించేదానికీ అంశల కొద్దీ భేదం వస్తున్నదని వ్రాసినాడు. నక్షత్రయోగాలను, గ్రహయోగాలను, ఉదయాస్తమయాలను చూచి ముందుతరాల గణకులు మళ్ళీ సరిచేసుకోవలెనని కూడా చెప్పినాడు. తన లెక్క కూడా ఒకనాటికి పాతబడుతుందని ఒప్పుకున్న శాస్త్రకారుని మాట అది. అతని కుమారుడు గణేశుడు 1520లో రచించిన గ్రహలాఘవం దేశంలో చాలాభాగంలో పంచాంగాలకు ఆధారమైనది.

కేరళంలో ఈ ధర్మం ఒక సంప్రదాయంగానే నిలిచినది. అక్కడ 683లో హరిదత్తుడు ఏర్పరచిన పరహితగణితం ఏడువందల ఏండ్లు వాడుకలో ఉండి, క్రమంగా ఆకాశానికి దూరమైనది. నీలానది సముద్రంలో కలిసే తావుకు సమీపాన నివసించిన పరమేశ్వరుడు 1393 మొదలు 1432 వరకు గ్రహణాలను వరుసగా చూచి వ్రాసుకుని, 1431లో దృగ్గణితమనే గ్రంథాన్ని వెలయించినాడు. పేరులోనే ప్రతిజ్ఞ ఉన్నది. ఆ గురుపరంపరలోనివాడైన నీలకంఠ సోమయాజి 1504 ప్రాంతాన జ్యోతిర్మీమాంసను రచించి, శాస్త్రం ఋషిప్రోక్తం గనుక పరీక్ష అక్కరలేదనేవారికి సమాధానం చెప్పినాడు. సిద్ధాంతాలు ఒకదానితో ఒకటి విభేదిస్తున్నప్పుడు పరీక్ష తప్ప గతి లేదని అతని వాదం. సోమయాగం చేసిన శ్రోత్రియుడే ఈ మాట అన్నాడని మరువరాదు. ప్రత్యక్షానికీ శ్రద్ధకూ వైరం ఉన్నదని అతడు భావించలేదు.

ఇక్కడ సాహిత్యకారులమైన మనకు సంబంధించిన విషయం ఒకటి ఉన్నది. ఈ శాస్త్రమంతా పద్యంలో ఉన్నది. అంకెలను పద్యంలో ఇమడ్చడానికి మన పూర్వులు భూతసంఖ్యలనే పద్ధతి కల్పించినారు: చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, అగ్నులంటే మూడు, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, ఆకాశమంటే సున్న. మన శాసనకవులు శకసంవత్సరాలను చెప్పినది ఈ మాటలతోనే. కేరళీయులు అక్షరాలకే అంకెలను కట్టి, చంద్రుని దినగతులను చిన్నచిన్న వాక్యాలుగా మార్చినారు. వాక్యపంచాంగమనే పేరు అందువలన వచ్చినది. ఛందస్సు లేకపోతే ఈ లెక్కలు తాటాకులమీద, నాలుకలమీద ఇన్ని శతాబ్దాలు చెడకుండా బ్రతికేవి కావు. ఇది ఛందస్సు చేసిన మేలు. కాని అది చేసిన కీడు కూడా ఉన్నది. పద్యంలో కుదిరిన అంకెను మార్చాలంటే పద్యాన్ని పగులగొట్టాలి. కంఠస్థమైన వాక్యం పవిత్రమవుతుంది. పవిత్రమైన వాక్యాన్ని ఆకాశంతో పోల్చడం అపచారంగా తోస్తుంది. అందంగా చెప్పబడినది గనుక సత్యమని నమ్మడం, ఇది ఒక్క జ్యోతిషంలోనే ఉన్న రోగం కాదు.

పద్యంలో పుట్టిన తప్పును పద్యంలోనే సరిదిద్దినవారు సామంత చంద్రశేఖర సింహులు. ఆయన 1835 డిసెంబరు 13న ఒరిస్సాలోని ఖండపడా సంస్థానపు రాజకుటుంబంలో జన్మించినారు. ప్రజలు ఆయనను పఠాణి సామంతుడని పిలిచినారు. నేటికీ ఆ పేరే ప్రసిద్ధం. చుట్టూ కొండలు, అడవులు ఉన్న చిన్న సంస్థానం. సంస్కృతం, ఒడియా తప్ప మరొక భాష ఆయనకు రాదు. బాల్యంలో పినతండ్రివద్ద కొంత జ్యోతిషం నేర్చుకున్నారు. లగ్నం కట్టడం నేర్చినవాడు ఏ వేళకు ఏ నక్షత్రం ఉదయిస్తుందో లెక్కకట్టగలడు. ఆ లెక్కలు వేసి, రాత్రి బయటికి వచ్చి చూస్తే, నక్షత్రాలు చెప్పిన వేళకు ఉదయించడం లేదు, గ్రహాలు చెప్పిన చోట లేవు. ఇట్టి సందర్భంలో తన లెక్కలో ఎక్కడో పొరపాటు పడినదని ఊరకుండేవారే హెచ్చు. ఆయన పదిహేనేండ్ల ప్రాయంలోనే గ్రంథాన్ని శంకించినారు. శంకించి విడిచిపెట్టక, కొలవడానికి పూనుకున్నారు.

కొలతకు కావలసిన పరికరాలను తానే చేసుకున్నారు. వెదురు, కర్ర, ఇవే సామగ్రి. వాటిలో ముఖ్యమైనది మానయంత్రం. 24 అంగుళాల సన్నని కర్రకు ఒక కొనలో అడ్డంగా మరొక కర్ర. చూడడానికి ఒక సుత్తివలె ఉంటుంది. అడ్డకర్రమీద వరుసగా గంట్లు, రంధ్రాలు ఉంటవి. ఏ గంటు ఎన్ని అంశల కోణానికి సరిపోతుందో ముందే లెక్కకట్టి చెక్కినవి. పొడుగుకర్ర కొనను కంటికి ఆనించి, ఒక గంటును నక్షత్రానికి, మరొక గంటును గ్రహానికి చేర్చితే రెంటి నడుమ దూరం తెలిసిపోతుంది. ఇంతకుముందు చెప్పిన చాచిన చేతి పిడికిలి కొలతకూ దీనికీ సూత్రం ఒక్కటే. పిడికిలిని ఆయన గణితంతో పదునుపెట్టినారు. ఈ కర్రతో ఏండ్ల తరబడి రాత్రులు గడిపి, 1869 నాటికి సిద్ధాంతదర్పణమనే గ్రంథాన్ని సంస్కృతశ్లోకాలలో, ఒడియా లిపిలో, తాటాకులమీద పూర్తిచేసినారు. అందులో శ్లోకాలు సుమారు రెండువేల అయిదువందలు.

ఫలితం ఏమిటో అంకెలే చెబుతవి. శని చుట్టుకాలం సూర్యసిద్ధాంతంలో ఆధునిక విలువకు ఆరున్నర దినాలు దూరంగా ఉన్నదని చూచినాము. సామంతుని గ్రంథంలో అది 10759.76 దినాలు, భేదం దాదాపు సగం దినానికి తగ్గినది. కుజునికి 686.9857, ఆధునిక విలువ 686.98. బుధుని కక్ష్య సూర్యుని బాటకు 7 అంశల 2 కలలు వాలి ఉన్నదన్నారు. నేటి లెక్క 7 అంశలు, దానిమీద కల కూడా నిండదు. అంశలో అరవయ్యవ వంతు కల. ఆరోగ్యవంతమైన కన్ను గుర్తించగల హద్దు ఇంచుమించు అదే. చంద్రుని నడకలో మన సిద్ధాంతాలు సాధారణంగా ఒకే సంస్కారాన్ని ఎరుగును. ఆయన తుంగాంతరం, పాక్షికం, దిగంశం అనే మూడు సంస్కారాలను చేర్చినారు. పాక్షికసంస్కారం పరమావధి ఆయన లెక్కలో సుమారు 38 కలలు. పాశ్చాత్యుల లెక్కలో 39న్నర. పాశ్చాత్యగ్రంథం ఒక్కటి కూడా చదువలేని మనిషి, కర్రముక్కతో ఈ సంఖ్యకు చేరినారు. ఆయనకు హద్దులు లేకపోలేదు. భూమి తిరుగుతుందని ఆయన అంగీకరించలేదు. తక్కిన గ్రహాలు సూర్యుని చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతారని ఆయన మతం. పదహారవ శతాబ్దంలో డెన్మార్కు దేశీయుడు టైకో బ్రాహీ నిర్మించిన పద్ధతి కూడా ఇదే. అతనికి కూడా దుర్భిణి లేదు. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగక, ఒకే విధమైన చూపుతో, ఒకే చోట ఆగినారు.

1874 డిసెంబరు 9వ తేదీ ఉదయం ఈ చరిత్రలో మరువరానిది. ఆనాడు శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా, చిన్న నల్లని చుక్కవలె దాటినాడు. విశాఖపట్టణంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతాన స్థాపించిన వేధశాల ఉన్నది. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆనాడు అక్కడ దుర్భిణితో ఆ దృశ్యాన్ని పరిశీలించి, ఫలితాలను ఇంగ్లండులోని ఖగోళశాస్త్రపరిషత్తుకు పంపినారు. అదే తీరాన ఉత్తరంగా ఒడియా కొండల నడుమ ఉన్న సామంతుల గ్రంథంలో కూడా ఈ ఘటన చోటుచేసుకున్నది. కలిశకం 4975లో వృశ్చికరాశిలో శుక్రునివలన సూర్యగ్రహణం జరిగినదనీ, అప్పుడు శుక్రబింబం సూర్యబింబంలో ముప్పదిరెండవ వంతుగా కనిపించినదనీ, కనుక గ్రహబింబాలు సూర్యునికంటె చాలా చిన్నవని రుజువైనదనీ సిద్ధాంతదర్పణం చెబుతుంది. నేటి లెక్కతో చూచినా ఆ నిష్పత్తి దాదాపు సరిపోతుంది. ఒకచోట గాజు, ఒకచోట కర్ర. రెండుచోట్లా నమ్మినది చూపునే.

ఆ సంవత్సరమే మద్రాసులో మరొక మంచి పని జరిగినది. మద్రాసు వేధశాలలో ప్రధాన సహాయకులైన చింతామణి రఘునాథాచారిగారు శుక్రగ్రస్తోదంతాన్ని సామాన్యులకు బోధించడానికి సంభాషణరూపంలో ఒక చిన్న పుస్తకం వ్రాసి, ఇంగ్లీషులోనే గాక దేశభాషలలో కూడా వెలువరింపబూనినారు. 1867లో ప్రకాశం మారే ఒక నక్షత్రాన్ని కనిపెట్టినది వారే. వేధశాలలో చూచినదానిని వారు అక్కడితో విడిచిపెట్టలేదు. దృగ్గణితపంచాంగాన్ని ప్రకటించి, పాతలెక్కలు విడువని పంచాంగకర్తలతో వాదించినారు. 1880లో వారు కీర్తిశేషులైనా ఆ వాదం చావలేదు. పండుగ ఏనాడన్న వివాదం పొడసూపినప్పుడల్లా దాని వెనుక దృక్కుకూ పూర్వసిద్ధాంతానికీ ఉన్న పాతతగవే కనిపిస్తుంది.

సామంతుల కృషి కొండలు దాటి రావడానికి కూడా చూడవచ్చిన మనిషి కావలసివచ్చినాడు. కటకంలోని కళాశాలలో విజ్ఞానశాస్త్రం బోధించే యోగేశ్‌చంద్ర రాయ్‌గారు ఆయనను కలుసుకుని, తాటాకులలో ఉన్నది ఏమిటో గుర్తించి, ఆ గ్రంథాన్ని నాగరలిపిలోకి మార్పించి, ఇంగ్లీషులో విపులమైన పీఠిక వ్రాసి, 1899లో కలకత్తాలో ప్రకటించినారు. సామంతుని టైకోతో పోల్చినది ఆ పీఠికయే. ఆ ఏడే ఇంగ్లండులోని నేచర్ పత్రిక ఆ గ్రంథాన్ని గురించి వ్రాసినది. 1893లో ప్రభుత్వం ఆయనకు మహామహోపాధ్యాయ బిరుదు నిచ్చినది. పూరీ జగన్నాథాలయంలో పండుగల నిర్ణయానికి ఆయన గణితం ప్రమాణమైనది. 1904 జూన్ 11న ఆయన పరమపదించినారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1952లో మేఘనాద్ సాహాగారి అధ్యక్షతన ఏర్పడిన పంచాంగసంస్కరణ సంఘం దేశం నలుమూలల పంచాంగాలను తెప్పించి చూచి, 1955లో నివేదిక సమర్పించినది. 1957 మార్చి 22 నుంచి రాష్ట్రీయ పంచాంగం అమలులోకి వచ్చినది. గణితం ఒక్కటే కావలెనని ఆ సంఘం కోరినది. కేశవుడూ పరమేశ్వరుడూ సామంతుడూ కోరినది అదే.

నేడు గణితానికి లోటు లేదు. దృక్పంచాంగాలలోని గ్రహస్థితులు కలలో భాగాలవరకు సరిపోతవి. అయితే ఆ సరి అయిన అంకెలు కూడా ఒకరు లెక్కించి పట్టికలో ఇచ్చినవే. వాటిని వాడుకునేవాడు ఆకాశాన్ని చూడవలసిన పని లేదు. దృక్కు అనే మాట పంచాంగం అట్టమీద నిలిచి, చూపు మాత్రం మన జీవితంలోనుంచి జారిపోయినది. ఈ లోటు పంచాంగకర్తలది కాదు, మనది. మన కథలలో అర్ధరాత్రి నడినెత్తిన శుక్రతార వెలుగుతుంది. అమావాస్య మరునాటి తెల్లవారుజామున తూర్పున నెలవంక ఉదయిస్తుంది. చదివేవాడు ఆక్షేపించడు, వ్రాసినవాడికి అనుమానం రాదు; ఇద్దరూ ఆకాశాన్ని పుస్తకాలలోనే ఎరుగుదురు. ఉపమానం అందంగా ఉన్నది గనుక సత్యమన్నట్లు సాగిపోతుంది. ఛందస్సు మాటున దాగిన పాత అంకెకూ దీనికీ భేదం స్వల్పం.

నగరాలలో నివసిస్తూ ఆకాశం కనిపించదని అనడానికి కూడా వీలులేదు. దీపాల వెలుగు పాలవెల్లిని మింగివేసినది, పిల్లలకోడిని మసకబరచినది. కాని శుక్రుని, గురుని మింగలేదు. కుజుడూ శనీ కూడా పెద్ద పట్టణాల మేడలమీదనుంచి కనిపిస్తూనే ఉన్నారు. 2020 డిసెంబరు 21న గురుడూ శనీ చంద్రబింబంలో అయిదవ వంతు దూరానికి దగ్గరైనప్పుడు, వట్టి కంటితో ఆ రెండింటినీ విడదీసి చూడగలిగినవారు ఢిల్లీలోనూ ఉన్నారు, హైదరాబాదులోనూ ఉన్నారు. ఇరవైయేండ్లకొకసారి ఆ రెండు గ్రహాలూ కలుసుకుంటవి. మళ్ళీ 2040లో కలుసుకుంటవి. ఈ లోపల ఇరవై పుస్తకాలు వ్రాయవచ్చును. ఆ పుస్తకాలలో సాయంకాలం పడమట ఒక చుక్క వెలిగితే, అది ఏ చుక్కయో వ్రాసినవారు ముందుగా బయటికి వచ్చి చూచి ఉండవలెను. ఖండపడాలో ఒక యువకుడు చేతిలో కర్రముక్కతో చేసిన పని ఇంతే.